ఎఫ్‌జె 40లో వీ-8 ఇంజిన్‌కు రేడియేటర్ అమర్చడం: ప్రాజెక్టు డైరీ

ఈ డైరీ టయోటా ల్యాండ్ క్రూయిజర్ ఎఫ్‌జె 40లో షెవ్రోలే స్మాల్ బ్లాక్ 350 ఇంజిన్‌ను మౌంట్ల మీద కూర్చోబెట్టిన తరువాతి పనితో మొదలవుతుంది. ఇంజిన్ ఎందుకు మార్చామన్నది ఇక్కడ ప్రస్తుతం కాదు. 4.2 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్ ఉన్న చోటికి 5.7 లీటర్ల వీ-8 వచ్చినప్పుడు దానిని చల్లగా ఉంచడం ఎలా అన్నదే ఇందులోని విషయం. ఇదే పని తలపెట్టేవారు కొలతలను తమ బండితో పోల్చుకోవాలని, పనికిరాని దారులను ముందే వదిలేయాలని అన్నీ వివరంగా రాస్తున్నాను. ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లో ఉన్నాయి.

దశ 1: ఉన్న లోతు ఎంత?

పాత ఇంజిన్ పొడవైనది, వీ-8 పొట్టిది. కాబట్టి ముందు బోలెడంత చోటు మిగులుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే ఈ ఇంజిన్‌కు, స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ వెనుక భాగంలో, ఫైర్‌వాల్ (ఇంజిన్ గదికి, క్యాబిన్‌కు మధ్య గోడ) పక్కనే ఉంటుంది. దాని మూత తీయడానికి చెయ్యి పట్టేంత సందు ఉండాలి. పైగా ఇంజిన్‌ను వెనక్కి జరిపిన కొద్దీ గేర్‌బాక్సు, ముందు వెనుక చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు కూడా వెనక్కి పోయి, పొట్టి వీల్‌బేస్ ఉన్న ఈ బండిలో అసలే చిన్నదైన వెనుక ప్రొపెల్లర్ షాఫ్టు మరింత చిన్నదవుతుంది. షాఫ్టు చిన్నదయ్యే కొద్దీ దాని వాలు పెరిగి యూనివర్సల్ జాయింట్లు త్వరగా అరిగిపోతాయి. అందువల్ల ఇంజిన్ స్థానాన్ని వెనుక నుంచి నిర్ణయించి, ముందు మిగిలిన దానిలోనే రేడియేటర్‌ను సర్దాలి.

కొలిచిన పద్ధతి ఇది.

1. బండిని సమతలం మీద నిలిపి, ఇంజిన్ మౌంట్ల బోల్టులను పూర్తి బిగువుతో బిగించాలి. వదులుగా ఉన్న మౌంట్ల మీద తీసిన కొలత తరువాత మారిపోతుంది.
2. వాటర్ పంపు తీసేసి, బ్లాక్ ముందు ముఖం మీద ఒక సమతలపు ఇనుప పట్టీని ఆనించాలి.
3. ఆ పట్టీ నుంచి గ్రిల్ వెనుక ఉన్న అడ్డ పట్టీ దాకా ఎడమ, మధ్య, కుడి మూడు చోట్లా కొలవాలి.
4. మూడింటిలో అతి తక్కువ దానినే లెక్కలోకి తీసుకోవాలి.

మా బండిలో ఎడమవైపు 324, మధ్యలో 323, కుడివైపు 320 మి.మీ. వచ్చింది. ఇంజిన్, గ్రిల్ ఒకదానికొకటి కచ్చితంగా సమాంతరంగా లేవన్నమాట. పాత బండ్లలో ఇది మామూలే కాబట్టి సరిచేయడానికి ప్రయత్నించలేదు.

లోతు లెక్క: ఉన్నది 320 మి.మీ., వాడినది 0.

దశ 2: వాటర్ పంపు

స్మాల్ బ్లాక్ ఇంజిన్లకు పొట్టి, పొడవు అనే రెండు రకాల వాటర్ పంపులు ఉన్నాయి. బ్లాక్ ముఖం నుంచి పుల్లీ బిగించే హబ్ దాకా పొట్టి రకం సుమారు 143 మి.మీ., పొడవు రకం సుమారు 176 మి.మీ. ఉంటుంది. ఇంజిన్‌తో వచ్చినది పొడవు రకం. ఈ 33 మి.మీ. తేడాయే మొత్తం పనిని నిర్ణయించింది. కాగితం మీద వేసిన లెక్క ప్రకారం పొడవు పంపుకు విస్కస్ కప్లింగ్‌తో (వేడిని బట్టి ఫ్యాన్‌ను ఇంజిన్‌తో కలిపే, చిక్కటి ద్రవంతో పనిచేసే భాగం) కూడిన ఫ్యాన్ 75, కోర్‌కు (రేడియేటర్‌లో గాలి దూరిపోయే ట్యూబుల భాగం) ఫ్యాన్‌కు మధ్య సందు 25, కోర్ మందం 56, ముందు రబ్బరు, బ్రాకెట్ కలిపి 12 జోడిస్తే 344 అవుతుంది. అంటే 24 మి.మీ. తక్కువ పడుతుంది.

పొట్టి పంపు కొని బిగిస్తే పని అయిపోదు. పంపు పుల్లీ వెనక్కి జరుగుతుంది కాబట్టి క్రాంక్ పుల్లీ, ఆల్టర్నేటర్ బ్రాకెట్ కూడా పొట్టి పంపు రకానివే ఉండాలి. పాత బ్రాకెట్‌నే వాషర్లతో సర్ది చూసినప్పుడు బెల్టు 4 మి.మీ. వంకరగా నడిచి, కొద్దిసేపటికే అంచు నుంచి నల్లటి పొడి రాల్చింది. వంకర బెల్టు పంపు బేరింగును కూడా పాడుచేస్తుంది. బెల్టు సెట్టును మొత్తంగా ఒకే రకానికి మార్చడమే సరైన దారి. బెల్టు గాడుల మీద నిలువుగా ఇనుప స్కేలు ఆనించి చూస్తే, ఇప్పుడు మూడు పుల్లీలూ 1 మి.మీ. లోపు ఒకే వరుసలో ఉన్నాయి.

మరొక జాగ్రత్త కూడా ఉంది. వెడల్పాటి ఒకే బెల్టుతో నడిచే తరువాతి ఇంజిన్లలో కొన్నిటికి పంపు వ్యతిరేక దిశలో తిరుగుతుంది. అలాంటి పంపు బోల్టు రంధ్రాలు సరిపోయినా ఇక్కడ పనికిరాదు. కొనేముందు లోపలి ఇంపెల్లర్ రెక్కల దిశను చూడాలి.

లోతు లెక్క: వాడినది 143, మిగిలినది 177 మి.మీ.

దశ 3: కోర్ ఎంపిక

రాగి-ఇత్తడి కోర్, అల్యూమినియం కోర్ రెండింటినీ పరిశీలించాను. రాగికి ఉష్ణవాహకత ఎక్కువ అన్నది నిజమే. కానీ రాగి-ఇత్తడి కోర్‌లో ట్యూబులను సన్నగా చేయాలి, వెడల్పు చేస్తే ఒత్తిడికి ఉబ్బుతాయి. అందువల్ల కావలసిన ఉపరితలం కోసం నాలుగు వరుసలు పెట్టాల్సి వస్తుంది, కోర్ మందం 75 మి.మీ. అవుతుంది. మన దగ్గర అంత చోటు లేదు. అల్యూమినియం ట్యూబులను 25 మి.మీ. వెడల్పుతో చేయవచ్చు కాబట్టి రెండు వరుసలు, 56 మి.మీ. మందంతో దాదాపు అదే పని జరుగుతుంది. వరుసలు పెరిగిన కొద్దీ వెనుక వరుసకు అందే గాలి అప్పటికే వేడెక్కి ఉంటుంది కాబట్టి, నాలుగో వరుస మొదటి వరుస చేసినంత పని చేయదు. వరుసల సంఖ్యను చూసి రేడియేటర్ కొనేవారు ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి.

ఫిన్‌ల (ట్యూబుల మధ్య వేడిని గాలికి చేర్చే పల్చని రేకుల) సాంద్రత విషయంలో అంగుళానికి 16 ఉన్న కోర్ దొరికినా 12 ఉన్నదే ఎంచుకున్నాను. దట్టమైన ఫిన్‌లు శుభ్రంగా ఉన్నంత వరకే మేలు. బురద, గడ్డి గింజలు ఇరుక్కున్నాక వాటి మధ్య గాలి ఆడదు, నీటి ధారతో కడిగినా పూర్తిగా వదలవు. ఫోర్ వీల్ డ్రైవ్ బండికి ఇది చిన్న విషయం కాదు.

కోర్ కొలతలు: వెడల్పు 520, ఎత్తు 480, మందం 56 మి.మీ. ముందు వైశాల్యం 0.25 చదరపు మీటర్లు.

లోతు లెక్క: పంపు 143, కోర్ 56, మొత్తం 199. మిగిలినది 121 మి.మీ.

దశ 4: బిగింపు, మొదటి పగులు

మొదటి బిగింపులో రేడియేటర్ పక్క పట్టీలను నాలుగు బోల్టులతో నేరుగా ఉక్కు చట్రానికి బిగించడం జరిగింది. ఎగుడుదిగుడు నేల మీద ఒక ముందు చక్రం పైకి, రెండవది కిందికి ఉండేలా కొంతసేపు నడిపిన తరువాత కింది ట్యాంకు కుడి మూలలో వెల్డింగ్ అతుకు పక్కన వెంట్రుకవాసి పగులు కనిపించింది, కూలెంట్ చెమ్మగా ఊరుతోంది. నిచ్చెన ఆకారపు ఛాసిస్ వంగి మెలితిరగడం దాని సహజ గుణం. ఆ మెలిక చట్రం ద్వారా నాలుగు మూలలకూ చేరితే మధ్యలో నలిగేది పల్చని అల్యూమినియమే. పగులును మళ్లీ వెల్డ్ చేయించినా అదే బిగింపు ఉంచితే పక్క మూల పగులుతుంది. కాబట్టి బిగింపు పద్ధతినే మార్చాను.

1. కింద రెండు చోట్ల 12 మి.మీ. రబ్బరు బుష్‌ల మీద రేడియేటర్ బరువు ఆనుతుంది. బోల్టుకు లోపల ఉక్కు గొట్టం పెట్టడం వల్ల ఎంత బిగించినా రబ్బరు నలిగిపోదు.
2. పైన మధ్యలో ఒకే ఒక్క పట్టీ ఉంటుంది. అది ముందువెనుకల కదలికను మాత్రమే ఆపుతుంది, బరువు మోయదు.
3. పక్కల బోల్టులు లేవు. పక్కలకు 8 మి.మీ. స్పాంజి రబ్బరు మాత్రమే ఉంది.

మూడు చోట్ల ఆనిన వస్తువును చట్రం ఎంత మెలితిప్పినా, ఆ మెలిక వస్తువులోకి చేరదు. ఈ మార్పు తరువాత ఒక ముందు చక్రాన్ని జాకీతో పైకి లేపి, చట్రం మూలకు రేడియేటర్ మూలకు మధ్య దూరాన్ని కొలిచాను. ఎత్తక ముందుకు ఎత్తిన తరువాతకు 5 మి.మీ. తేడా వచ్చింది. నాలుగు బోల్టుల బిగింపులో ఆ 5 మి.మీ. మొత్తాన్ని ట్యాంకు అతుకులే భరించాయి.

లోతు లెక్క: ముందు రబ్బరు, బ్రాకెట్ కలిపి 12. మొత్తం 211, మిగిలినది 109 మి.మీ.

దశ 5: ఫ్యాన్, ష్రౌడ్

ఎలక్ట్రిక్ ఫ్యాన్లను కూడా ఆలోచించి వదిలేశాను. రెండు ఫ్యాన్లు ఒకేసారి మొదలైనప్పుడు లాగే కరెంటుకు తగ్గ ఆల్టర్నేటర్, రిలేలు, లావు వైర్లు కావాలి. లో రేంజ్‌లో (తక్కువ వేగంతో, ఎక్కువ బలంతో లాగే గేరు వరుసలో) నెమ్మదిగా ఎక్కుతున్నప్పుడు ఇంజిన్ వేగం ఎలాగూ ఎక్కువగానే ఉంటుంది కాబట్టి, ఇంజిన్‌తో తిరిగే ఫ్యాన్ సరిగ్గా అవసరమైనప్పుడే ఎక్కువ గాలి లాగుతుంది. 457 మి.మీ. వ్యాసం గల ఫ్యాన్, విస్కస్ కప్లింగ్ ఎంచుకున్నాను. నిమిషానికి 3,000 చుట్ల వద్ద ఈ ఫ్యాన్ రెక్క కొన వేగం సెకనుకు దాదాపు 72 మీటర్లు. పాత ఫ్యాన్ కొనేవారు రెక్కల మొదళ్లను రంగు తీసి పగుళ్ల కోసం పరీక్షించకుండా బిగించకూడదు. రెక్క విరిగితే కోర్‌తో ఆగదు.

లోతు లెక్క: ఫ్యాన్, కప్లింగ్ 75, సందు 25. మొత్తం 311, మిగిలినది 9 మి.మీ.

ఆ 9 మి.మీ. ఒక్కటే మన చేతిలో ఉన్న వెసులుబాటు కాబట్టి నిజంగా ఎంత సందు మిగులుతోందో చూడాలి. బ్రేకు గట్టిగా వేసినప్పుడు, నిటారు దిగుడులో, ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద ముందుకు జరుగుతుంది. కప్లింగ్ ముక్కుకు ఎదురుగా కోర్ మీద 24 మి.మీ. ఎత్తున మెత్తటి పుట్టీ ముద్ద అంటించి, దిగుడులో బ్రేకులు వేసి నడిపి చూస్తే ముద్ద 19 మి.మీ.కి అణిగింది. అంటే ఇంజిన్ 6 మి.మీ. ముందుకు వస్తోంది. 19 చాలు.

ష్రౌడ్ (ఫ్యాన్ లాగే గాలి కోర్ గుండానే వచ్చేలా చుట్టూ పెట్టే తొడుగు) విషయం ఇంత తేలికగా తెమలలేదు. ఈ అమరికలో ఫ్యాన్ కేంద్రం కోర్ కేంద్రం కంటే 45 మి.మీ. కిందికి వచ్చింది. కోర్‌ను దించాలంటే ఛాసిస్ అడ్డ దూలమైన క్రాస్ మెంబర్ అడ్డు, ఫ్యాన్‌ను లేపాలంటే పంపు ఎత్తు స్థిరం. కాబట్టి కోర్ మొత్తాన్ని కప్పే పెట్టెలాంటి ష్రౌడ్‌ను 1.6 మి.మీ. అల్యూమినియం రేకుతో చేసి, ఫ్యాన్ రంధ్రాన్ని 45 మి.మీ. కిందికి కోశాను. రెక్క కొనకు, రంధ్రం అంచుకు మధ్య 20 మి.మీ. ఉంచాను. యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా తొక్కితే ఇంజిన్ ఒక పక్కకు ఒరుగుతుంది కాబట్టి అంతకన్నా తగ్గించడం ప్రమాదం.

దశ 6: హోస్ పైపులు, గాలి తీయడం

ఈ ఇంజిన్‌కు పై హోస్ 38, కింది హోస్ 44 మి.మీ. లోపలి వ్యాసంతో ఉంటాయి. రేడియేటర్ చేయించేటప్పుడే అవే కొలతలతో, ఇంజిన్ వైపులకు తగినట్లుగా గొట్టాలు పెట్టించడం వల్ల తగ్గింపు జాయింట్లు అక్కరలేకపోయాయి. గొట్టాల చివర ఉబ్బు అంచు తప్పక ఉండాలి. నున్నటి గొట్టం మీద క్లిప్ ఎంత బిగించినా వేడి, ఒత్తిడి కలిసి హోస్‌ను జార్చివేస్తాయి. కింది హోస్ పంపు పీల్చే వైపు ఉంటుంది కాబట్టి ఎక్కువ వేగంలో లోపలికి నొక్కుకుపోయే అవకాశం ఉంది. దానిలో ఉక్కు స్ప్రింగ్ పెట్టాను.

థర్మోస్టాట్ (కూలెంట్ వేడెక్కాక రేడియేటర్‌కు దారి తెరిచే వాల్వు) గూడు పైభాగం రేడియేటర్ మూత కంటే 15 మి.మీ. ఎత్తులో ఉంది. గాలి ఎప్పుడూ అతి ఎత్తైన చోటికే చేరుతుంది, అక్కడ మూత లేకపోతే గాలి బుడగ థర్మోస్టాట్ దగ్గరే నిలుస్తుంది. ఆవిరిలో ఉన్న థర్మోస్టాట్ ఆలస్యంగా తెరుచుకుంటుంది. అందుకని ఫైర్‌వాల్ మీద అన్నింటికన్నా ఎత్తుగా ఎక్స్‌పాన్షన్ ట్యాంకు పెట్టి, థర్మోస్టాట్ గూడు నుంచి 6 మి.మీ. పైపును దాని పైభాగానికి, ట్యాంకు అడుగు నుంచి 19 మి.మీ. పైపును పంపు పీల్చే వైపుకు కలిపాను. 0.9 బార్ మూత ఇప్పుడు ట్యాంకు మీద ఉంది. రేడియేటర్ పాత నోటికి ఒత్తిడి వాల్వు లేని మామూలు మూత వేశాను.

నింపిన క్రమం:

1. ఇంజిన్ నడపకముందు చేతి పంపుతో వ్యవస్థకు 1 బార్ గాలి ఒత్తిడి ఎక్కించి పావుగంట ఉంచాలి. ముల్లు కదలకూడదు.
2. థర్మోస్టాట్ అంచున పైభాగంలో 3 మి.మీ. రంధ్రం చేయాలి.
3. బండి ముక్కును కొద్దిగా ఎత్తి, హీటర్ వాల్వు తెరిచి, సగం ఇథిలీన్ గ్లైకాల్, సగం శుద్ధ జలం కలిపిన కూలెంట్‌ను నెమ్మదిగా పోయాలి.
4. థర్మోస్టాట్ తెరుచుకునే దాకా నడిపి, పూర్తిగా చల్లారాక తగ్గినంత మళ్లీ పోయాలి.

కూలెంట్ లెక్క: మొదట 11.8 లీటర్లు. ఒకసారి వేడెక్కి చల్లారాక 1.9, మొత్తం 13.7. రెండోసారి 0.6, మొత్తం 14.3 లీటర్లు. ఆ తరువాత మట్టం మారలేదు.

ఈ మిశ్రమం మామూలు వాతావరణ పీడనంలో 107 డిగ్రీల చుట్టుపక్కల మరుగుతుంది. 0.9 బార్ మూతతో ఆ హద్దు 125 దాటుతుంది. కాబట్టి మూత పాడైతే మిగతాదంతా సరిగ్గా ఉన్నా బండి పొంగుతుంది.

దశ 7: మీటరు చెప్పేది నిజమేనా?

పాత బండి మీటరుకు కొత్త ఇంజిన్ సెన్సారు కలిపితే ముల్లు కదులుతుంది, కానీ చెప్పేది నిజం కాదు. రెండింటి నిరోధాలు వేరు. సెన్సారును నీటి గిన్నెలో ముంచి, వేడి చేస్తూ, పక్కనే థర్మామీటరు పెట్టి చూశాను. నీరు 90 డిగ్రీలు ఉన్నప్పుడు ముల్లు ఎర్ర గీతను ముట్టుకుంటోంది. సెన్సారుకు జతగా వచ్చే మీటరునే పెట్టడం తప్పనిసరి. సెన్సారు పెట్టే చోటు కూడా ముఖ్యమే. సిలిండర్ హెడ్‌లో ఎగ్జాస్ట్ దారుల మధ్య ఉన్న రంధ్రంలో పెడితే, ఇంటేక్ మానిఫోల్డ్‌లో పెట్టినప్పటికంటే ఎక్కువ చూపుతుంది. ఈ డైరీలోని అంకెలన్నీ ఇంటేక్ మానిఫోల్డ్ వద్దవే.

ఇన్‌ఫ్రారెడ్ గన్ వాడేవారికి ఒక మాట. మెరిసే అల్యూమినియం మీద అది చాలా తక్కువ చూపుతుంది. కొలవాలనుకున్న చోట నల్లటి టేపు ముక్క అంటించి దాని మీద గురి పెట్టాలి. మా ట్యాంకు మీద మెరిసే చోట 58, పక్కనే టేపు మీద 86 చూపింది.

దశ 8: నెమ్మదిగా ఎక్కేటప్పుడు 108

బయటి ఉష్ణోగ్రత 33 డిగ్రీలు, థర్మోస్టాట్ 82 డిగ్రీలది. ఫలితాలు ఇలా వచ్చాయి.

గంటకు 90 కి.మీ. వేగంలో: 88, నిలకడగా.
నిలబడి ఐడిల్‌లో 20 నిమిషాలు: 96.
లో రేంజ్ రెండవ గేరులో, గంటకు 12 కి.మీ. వేగంతో ఎక్కుడు: 108, ఇంకా పెరుగుతుండగా ఆపివేయడం జరిగింది.

వేగంలో చల్లగా, నెమ్మదిలో వేడిగా ఉంటే లోపం గాలి వైపు ఉందని అర్థం. వేగంలోనే వేడెక్కితే కోర్ సామర్థ్యాన్ని, కింది హోస్‌ను, ఇగ్నిషన్ టైమింగును అనుమానించాలి. అయినా హెడ్ గాస్కెట్ (సిలిండర్ హెడ్‌కు, బ్లాక్‌కు మధ్య ఉండే సీలు) పోయిందేమోనన్న అనుమానాన్ని తీసేయడానికి, ట్యాంకు నోటి వద్ద దహన వాయువులను పట్టే నీలి ద్రావణంతో పరీక్షించాను. రంగు పసుపుగా మారలేదు.

ఈ దశలో అందరూ ఇచ్చే సలహా ఇంకా పెద్ద రేడియేటర్ పెట్టమనే. దానికి ముందు లెక్క వేయడం మంచిదని నా గట్టి నమ్మకం. ఆ ఎక్కుడులో ఇంజిన్ దాదాపు 25 కిలోవాట్ల శక్తి ఇస్తోందనుకుంటే, పెట్రోల్ ఇంజిన్‌లో రమారమి అంతే వేడి కూలెంట్‌లోకి చేరుతుంది. గాలి కోర్ గుండా పోతూ 35 డిగ్రీలు వేడెక్కడానికి ఒప్పుకుంటే, సెకనుకు సుమారు 0.62 ఘనపు మీటర్ల గాలి కావాలి. 0.25 చదరపు మీటర్ల కోర్ మీద అది సెకనుకు 2.5 మీటర్ల వేగం.

చేతి గాలిమీటరును కోర్ ముందు పన్నెండు గళ్లలో పెట్టి, ఎక్కుడులో ఉన్న ఇంజిన్ వేగం వద్ద కొలిచాను. మధ్యలో 3.1, పై మూలల్లో 0.7, సగటు 1.7 మీటర్లు మాత్రమే వచ్చింది. తరువాత థర్మామీటరును కోర్ ముందు వేలాడదీస్తే అసలు సంగతి తెలిసింది. బయట 33 డిగ్రీలు ఉండగా కోర్‌లోకి వెళ్లే గాలి 51 డిగ్రీలు ఉంది. కోర్ దాటి వేడెక్కిన గాలి, పక్కల సందుల గుండా తిరిగి ముందుకు వచ్చి మళ్లీ కోర్‌లోకే వెళుతోంది. ఫ్యాన్ ముందు వైపు ఒత్తిడిని తగ్గిస్తుంది, వెనుక వైపు పెంచుతుంది. సందు ఉంటే గాలి ఆ దారి పట్టక మానదు. బండి వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలి ఈ ప్రవాహాన్ని అణచివేస్తుంది కాబట్టి రోడ్డు మీద లోపం బయటపడలేదు.

దీని నష్టం చూడండి. కూలెంట్ 95 డిగ్రీలు ఉన్నప్పుడు 33 డిగ్రీల గాలితో తేడా 62. అదే గాలి 51 ఉంటే తేడా 44. కోర్ ఏమీ మారకుండానే దాని సామర్థ్యంలో 29 శాతం పోయింది. దానికి తోడు గాలి సెకనుకు 0.43 ఘనపు మీటర్లే కాబట్టి అది కోర్ దాటేసరికి 50 డిగ్రీలకు పైగా వేడెక్కాలి. 51కి అది కలిపితే 100 దాటుతుంది. కూలెంట్ అంతకన్నా వేడిగా ఉండక తప్పదు. మీటరులో 108 ఎందుకు వచ్చిందో ఇక వేరే వెతకనక్కరలేదు. ఈ స్థితిలో 75 మి.మీ. మందపు కోర్ పెట్టి ఉంటే ఫ్యాన్‌కు అడ్డు మరింత పెరిగి, గాలి మరింత తగ్గేది.

చేసిన మార్పులు, ఈ వరుసలోనే చేయాలి:

1. చీకట్లో కోర్ వెనుక దీపం వెలిగించి, ముందు నుంచి వెలుతురు కనిపించిన ప్రతి సందుకూ సున్నంతో గుర్తు పెట్టాలి. కోర్ గుండా వచ్చే వెలుతురు తప్ప మరేదీ కనిపించకూడదు. మా బండిలో పక్కల సందులు ఒక్కొక్కటి 25 మి.మీ., కింద 40 మి.మీ. ఉన్నాయి.
2. పక్కలకు అల్యూమినియం రేకు పట్టీలు, వాటి అంచున తలుపులకు వాడే బోలు రబ్బరు బిగించాలి. రేకును రేడియేటర్‌కు గానీ చట్రానికి గానీ ఒకదానికే బిగించాలి. రెండింటికీ బిగిస్తే 4వ దశలో తప్పించిన మెలిక మళ్లీ లోపలికి వస్తుంది.
3. కింది సందుకు రేకు బదులు మందపాటి రబ్బరు పలక వేలాడదీయాలి. బురద, రాళ్లు తగిలినా వంగి తిరిగి వస్తుంది.
4. బానెట్ ముందు అంచుకు, రేడియేటర్ పై ట్యాంకుకు మధ్య స్పాంజి రబ్బరు పెట్టాలి. అందరూ మరిచేది దీనినే.
5. ష్రౌడ్‌కు, కోర్‌కు మధ్య చుట్టూ రబ్బరు పట్టీ అతికించాలి.

ష్రౌడ్‌లో మరొక మార్పు కూడా అవసరమైంది. ఫ్యాన్ రెక్కలు మొత్తం ష్రౌడ్ లోపల మునిగి ఉన్నాయి. రెక్క వెడల్పులో సగం లోపల, సగం బయట ఉంటేనే గాలి రెక్క కొన నుంచి బయటికి చిమ్మబడి ముందుకు సాగుతుంది. రంధ్రం అంచును 22 మి.మీ. ముందుకు తగ్గించి, కోర్‌కు మరీ దగ్గరగా ఉన్న పై మూలల్లో రేకును వాలుగా వంచి గాలికి దారి చేశాను.

మళ్లీ కొలిచినప్పుడు పై మూలల్లో 1.8, మధ్యలో 3.2, సగటు 2.6 మీటర్లు. కోర్‌లోకి వెళ్లే గాలి 36 డిగ్రీలు. అదే ఎక్కుడు, అదే గేరు, బయట మళ్లీ 33 డిగ్రీలు ఉన్న రోజున కూలెంట్ 97 వద్ద నిలిచింది.

ఉష్ణోగ్రత లెక్క: 108 నుంచి 97, తగ్గినది 11 డిగ్రీలు. రేడియేటర్ అదే, కూలెంట్ అదే, ఫ్యాన్ అదే.

దశ 9: లోపలికి వెళ్లిన గాలి బయటికి పోవాలి

97 చాలునని ఆపవచ్చు గానీ, బానెట్ తీసేసి అదే ఎక్కుడు ఎక్కి చూస్తే 92 వచ్చింది. అంటే 5 డిగ్రీలు గాలి బయటికి పోలేకపోవడం వల్ల వస్తున్నవే. వెడల్పాటి వీ-8, దాని రెండు పక్కలా ఎగ్జాస్ట్ మానిఫోల్డులు కలిసి ఇంజిన్ గదిని నింపేశాయి.

బానెట్ వెనుక అంచును వాషర్లతో ఎత్తడం చాలామంది చేసే పని. దానిని కూడా పరీక్షించాను. ఆ అంచు పొడవునా చిన్న ఊలు దారాలు టేపుతో అంటించి, పక్క సీటులోంచి చూస్తే, నెమ్మదిగా పోతున్నప్పుడు దారాలు బయటికి ఎగిరాయి గానీ వేగం పెరిగాక సందులోకి దూరాయి. అద్దం మొదట్లో ఎదురుగాలి ఆగి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి అక్కడి నుంచి గాలి లోపలికే వస్తుంది. వాషర్లు తీసేశాను.

దాని బదులు ఇంజిన్ గది లోపలి పక్క రేకుల్లో, మానిఫోల్డుల వెనుక, చక్రాల వైపు వాలే గాలి చీలికలు కోయించి, నీరు చిమ్మకుండా లోపలి వైపు రబ్బరు తెరలు పెట్టాను. ఎక్కుడులో ఇప్పుడు 94.

ఉష్ణోగ్రత లెక్క: 108 నుంచి 94, మొత్తం తగ్గినది 14 డిగ్రీలు.

దశ 10: మిగిలిన పరీక్షలు

అల్యూమినియం కోర్‌కు వేడికన్నా నిశ్శబ్దంగా హాని చేసేది దారి తప్పిన కరెంటు. మల్టీమీటరు నెగటివ్ కొనను బ్యాటరీ నెగటివ్‌కు, పాజిటివ్ కొనను ట్యాంకులోని కూలెంట్‌లో లోహానికి తగలకుండా ముంచి, లైట్లు, హీటర్ మోటారు వేసి చూడాలి. 0.1 వోల్టు లోపు ఉండాలి. మొదట 0.28 వచ్చింది. రేడియేటర్ రబ్బరు మీద ఉంది, ఇంజిన్ కూడా రబ్బరు మీదే ఉంది. బ్యాటరీ నుంచి ఛాసిస్‌కు లావు వైరు ఉన్నా, ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు ఉన్న పాత ఎర్తింగ్ పట్టీ తుప్పు పట్టి ఉంది. రంగు గీకి, కొత్త అల్లిక పట్టీ బిగించాక 0.04కు తగ్గింది. రేడియేటర్‌కు విడిగా ఎర్తింగ్ ఇవ్వలేదు. ఇస్తే కూలెంట్ గుండా పోయే కరెంటుకు మనమే దారి చూపినట్లవుతుంది.

నీటి ప్రవాహాలు దాటేటప్పుడు ఈ ఫ్యాన్ ఒక ప్రమాదం. నీటిలో తిరిగే రెక్కలు ముందుకు వంగి కోర్‌ను కోయగలవు. మనకున్నది 19 మి.మీ. సందే. లోతైన నీటిలోకి దిగేముందు గ్రిల్ ముందు గుడ్డ తెర కట్టి, ఇంజిన్ వేగం తక్కువలో ఉంచి, ఆగకుండా దాటాలి. ఒడ్డు చేరగానే తెర తీయాలి, లేకపోతే గాలి ఆడదు.

ఇకపై చేయాల్సినవి: హోస్ క్లిప్‌లు కొన్ని వేడి-చల్లదనపు దఫాల తరువాత మళ్లీ బిగించాలి, ఎందుకంటే కొత్త రబ్బరు కుదురుకుంటుంది. పుట్టీ ముద్ద పరీక్షను ఇంజిన్ మౌంట్ల రబ్బరు పాతబడినప్పుడల్లా చేయాలి. కింది రబ్బరు పలకను విప్పి, దానికీ కోర్‌కూ మధ్య చేరే ఎండుటాకులు తీయాలి. కూలెంట్ వోల్టేజిని ఎలక్ట్రికల్ పని చేసిన ప్రతిసారీ కొలవాలి. తరువాతి పని విస్కస్ కప్లింగ్ ఏ ఉష్ణోగ్రత వద్ద పట్టు బిగిస్తోందో చూడటం. కోర్ వెనుక గాలిలో సెన్సారు పెట్టడానికి ష్రౌడ్ పై అంచున 6 మి.మీ. రంధ్రం చేసి ఉంచాను.